కారు లైటు పడిన చామంతులు

"ఆ క్లిప్పు నొక్కిపట్టి పక్కకి లాగు" అంటున్నారు మా ఆయన ఫోన్లో.

"ఏ పక్కకండీ?"

"నీ పక్కకి."

"నా పక్కంటే ఎటు? ఇలా బానెట్ ముందు నుంచున్నప్పటి నా పక్కా, సీట్లో కూర్చున్నప్పటి నా పక్కా?"

అవతల ఎవరో పకపకా నవ్వారు. లారీ క్లీనరు అయ్యుంటాడు. మా ఆయన మొక్కల లోడుతో ఒడిశా దాటి, రోడ్డు పక్కన ఏదో దాబా ముందు మంచం వేయించుకుని కూర్చున్నారు. నేనేమో ఇక్కడ కడియం దగ్గర మా నర్సరీ వాకిట్లో, మా పాత కారు బానెట్ ఎత్తి, హెడ్‌లైటు వెనకాల ఉన్న జానెడు సందులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి ఉన్నాను. ఫోను పట్టుకుని మా అత్తయ్యగారు నా పక్కనే నుంచున్నారు. ఆవిడ చూపించాల్సింది లైటు వెనక భాగం. చూపిస్తున్నది ఆకాశం.

"అమ్మా, నాకు కొబ్బరిమట్టలు తప్ప ఏం కనపడట్లేదు" అన్నారు మా ఆయన.

"మట్టలే కదరా, చూడు. మన చెట్టు చూసి ఎన్నాళ్ళయిందో" అన్నారావిడ, ఫోను అలాగే పట్టుకుని.

"అమ్మా, తన చేతికి గాజులున్నాయా? తీసి పెట్టమను, లోపల ఎక్కడైనా తగుల్తాయి."

"తీసేశానండీ. బ్యాటరీ మీద పెట్టాను."

"బ్యాటరీ మీదా?"

"మట్టిగాజులేలెండి."

అప్పుడు క్లిప్పు దానంతట అదే టక్కుమని వదిలింది. ఏ పక్కకి లాగానో ఇప్పటికీ నాకు తెలీదు. పాత బల్బు చేతిలోకి వచ్చింది. గాజు లోపల అంతా మసి పట్టి, కాల్చిన వంకాయంత నల్లగా ఉంది. దాన్ని అత్తయ్యగారి చేతిలో పెడితే ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ గుడ్డిదానితోనా ఇన్నాళ్ళూ జనాన్ని తిప్పుతున్నావు" అన్నారు.

ఆ జనం గురించి చెప్పాలి. ఆ బల్బులు మార్చింది వాళ్ళ కోసమే.

కారు మా మావయ్యగారిది. ఆయన బతికున్నప్పుడు ఎవరి దగ్గరో వాడేసిన బండి కొన్నారు. ఆయన పోయాక అది షెడ్డులో పట్టా కింద పడుంటే, మా ఆయన ఒక ఎండాకాలం ఇంటి దగ్గరున్నప్పుడు నాకు కాలవగట్టు మీద నేర్పించారు. నాకు ఇంటరు సగంలోనే ఆగిపోయింది, లెక్కలంటే నాకూ వాటికీ పడేది కాదు. డ్రైవింగు మాత్రం పట్టుబడింది. ఎందుకంటే అందులో మాట్లాడుతూ చెయ్యొచ్చు.

దసరా వెళ్ళాక మా నర్సరీలో లోడింగులు జోరుగా ఉంటాయి. లారీ వచ్చేసరికే సాయంత్రం అవుతుంది. మొక్కల వేళ్ళకి మట్టి కట్టి, గోనెపట్టా చుట్టి, పురికొసతో బిగించి, ఒక్కో వరసా సర్దేసరికి బాగా చీకటి పడిపోతుంది. ఆ పని చేసేది కాలవ వెంబడి ఊళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళు. పొద్దు పోయాక ఆ గట్టు మీదకి ఆటోలు రావు, సెంటర్లోనే తిరిగిపోతాయి. అందుకని అత్తయ్యగారు వాళ్ళని వెలుతురుండగానే పంపించేసేవారు. లారీ సగం నిండి ఆగిపోయేది. డ్రైవరు విసుక్కునేవాడు. అలా ఒకరోజు విసుక్కుంటుంటే, "నేను దింపొస్తానండీ, కారుంది కదా" అన్నాను. ఆలోచించి అన్నమాట కాదు. నోట్లోంచి వచ్చేసింది.

ఆ రోజు నుంచి రోజూ నా పని అదే. వెనక సీట్లో ఒకరి మీద ఒకరు ఒరిగి కూర్చునేవారు. ముందు సీటు ఒకావిడది. అందరిలోకీ పెద్దావిడ, అందరం పిన్ని అనే పిలుస్తాం. కారెక్కగానే మొదలు. ఎవరి కోడలు ఏమంది, ఏ చేపల పులుసులో మామిడికాయ వెయ్యకూడదు, టీవీలో ఆ అత్తగారికి అసలు ఎప్పుడు బుద్ధొస్తుంది. నేను ఇంట్లో అత్తయ్యగారితో మాట్లాడేది వేరు, ఈ మాటలు వేరు. పొద్దున్నించీ ఆ పావుగంట కోసమే చూసేదాన్ని. వాళ్ళు ఒక్కొక్కళ్ళే దిగిపోతుంటే నాకు ఏదో వెలితిగా ఉండేది.

కాకపోతే లైట్లు బొత్తిగా ఆనవు. కోతల రోజుల్లో మా రోడ్లు మీకు తెలుసు కదా. సగం రోడ్డు మీద ధాన్యం ఎండబోస్తారు. సందేళ దాన్ని కుప్పచేసి పైన బరకం కప్పి, చుట్టూ రాళ్ళు పెడతారు. చీకట్లో ఆ బరకమూ రోడ్డూ ఒకటే రంగు. పిన్ని కళ్ళు చికిలించి కూర్చుని, "బరకం, బరకం" అని చెప్తూ ఉండేది. నేను స్టీరింగు తిప్పుతూ ఉండేదాన్ని.

"నీ లైట్లకంటే మా ఇంట్లో దేవుడి దగ్గర దీపం నయం తల్లీ" అనేది పిన్ని. "దానికి కనీసం దేవుడైనా కనపడతాడు."

ఒకరోజు పిన్ని కూడా చూసుకోలేదు. ముందు చక్రం రాయి ఎక్కి దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు, ధాన్యం కూడా చెదరలేదు. కానీ మర్నాడు పని దగ్గర పిన్ని దాన్ని కథలాగా చెప్పింది. కథలో కారు ఎగిరింది. అత్తయ్యగారు విన్నారు. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆవిడ ఒకే ముక్క అన్నారు.

"లైట్లు బాగుచేయించుకుంటే సరే. లేకపోతే ఆ కారు చీకటి పడ్డాక గేటు దాటదు."

ఆవిడ గట్టిగా అరిచి చెప్పిన మాటలు మారతాయి. కంచంలో చూస్తూ నెమ్మదిగా చెప్పినవి మారవు. అందుకే మర్నాడే వేమగిరిలో కారు సామాన్ల కొట్టుకి వెళ్ళాను. కొట్టతను నాకు నీలం రంగు లైట్లు చూపించాడు, ఊదారంగువి చూపించాడు. "పెళ్ళి ఊరేగింపుకి కాదండి, రోడ్డు చూసుకోడానికి" అన్నాను. ఎక్కువ వాటేజీ పాత రకం బల్బు వేస్తే మా బండి వైర్లు వేడెక్కి కాలిపోతాయని మా ఆయన ముందే చెప్పారు. అందుకని తక్కువ కరెంటుతో తెల్లగా వెలిగే ఎల్‌ఈడీ జత తెచ్చుకున్నాను.

అవి పెట్టేటప్పుడు మా ఆయన ఒకటే జాగ్రత్త మళ్ళీమళ్ళీ చెప్పారు. బల్బు మీద లైటు వెలిగే పలకలు అటూ ఇటూ పక్కలకి చూడాలి, పైకీ కిందకీ చూడకూడదు, లేకపోతే ఎదురొచ్చేవాళ్ళ కళ్ళల్లో కొడుతుంది అని. అలాగే పెట్టాను. బల్బు వెనకాల చిన్న ఫ్యాను ఉండడంతో పాత రబ్బరు తొడుగు పట్టలేదు. దానికి మొక్కల కత్తెరతో కొంచెం నోరు పెద్దది చేశాను. ఇక లైటు ముందరి అద్దం. అది ప్లాస్టిక్కుది, ఏళ్ళ తరబడి ఎండకి పచ్చబడిపోయింది. టూత్‌పేస్టు వేసి గుడ్డతో రుద్దమన్నారు.

"కారుకి పళ్ళు తోముతున్నావా?" అన్నారు అత్తయ్యగారు. కాసేపు చూసి, రెండో లైటు ఆవిడే అందుకుని తోమారు. ఆవిడ తోమిన వైపే ఎక్కువ మెరిసిందని నాకు తర్వాత చాలాసార్లు చెప్పారు.

చివరికి మిగిలింది లైటు ఎత్తు సరిచెయ్యడం. కారుని నీళ్ళ మోటారు షెడ్డు గోడకి ఎదురుగా దూరంగా పెట్టి, లైట్లు ఎంత ఎత్తులో ఉన్నాయో గోడ మీద అంతకి కొంచెం కిందగా గీత గీయాలి. వెలుగు ఆ గీత దాటి పైకి పోకూడదు. గీత గీయడానికి నా చేతికి ఏమీ దొరకలేదు. అత్తయ్యగారు లోపలికెళ్ళి ముగ్గు డబ్బా తెచ్చారు. పిండి నీళ్ళలో కలిపి, గుడ్డ ముంచి, ఆ చివర నుంచి ఈ చివరకి చెయ్యి ఎత్తకుండా ఒక్క గీత లాగారు. స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. నేను లైటు వెనక మర తిప్పుతుంటే ఆవిడ గోడ దగ్గర నుంచుని, "ఇంకా దించు, ఇంకా, ఆ, చాలు" అని చెప్పారు.

"కారు లైట్లకి కూడా నాచేత ముగ్గు పెట్టించావు" అన్నారు. కోపంగా కాదు.

ఆ సాయంత్రం గట్టు మీద లైట్లు వేస్తే వెనక సీటంతా ఒక్కసారి ముందుకి వంగింది. రోడ్డు మీద ప్రతి రాయీ, కాలవ ఒడ్డున ప్రతి గడ్డిదుబ్బూ విడివిడిగా కనిపించాయి. బరకం ముడతలు కూడా కనిపించాయి. ఎదురుగా సైకిలు మీద వస్తున్న ఒకాయన కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, అది చూసి నాకు అత్తయ్యగారి గీత గుర్తొచ్చింది.

"ఇంక నాకు పని లేదు" అంది పిన్ని. అన్నాక కూడా అలవాటు కొద్దీ, "బరకం, బరకం" అంటూనే ఉంది.

అంతవరకూ బాగానే ఉంది. ఇక చామంతుల సంగతి.

మా దగ్గర చామంతుల్ని ఎలా పెంచుతారో బయటివాళ్ళకి చెప్తే నమ్మరు. మొదట్లో మడి మీద వైర్లు కట్టి, వరసగా బల్బులు వేలాడదీసి, రాత్రుళ్ళు వెలిగిస్తాం. వెలుగున్నన్నాళ్ళూ మొక్క ఎదుగుతుంది తప్ప పూత మీదకి రాదు. ఎత్తూ, గుబురూ సరిపోయాక లైట్లు ఆపేస్తాం. రాత్రంతా చీకట్లో ఉంటే అప్పుడు మొగ్గ తొడుగుతుంది. మా ఊళ్ళో దీన్ని చీకట్లో పెట్టడం అంటారు. "మీ మడి చీకట్లో పెట్టారా?" అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతారు.

ఒకసారి చీకట్లో పెట్టాక అత్తయ్యగారితో వేగడం కష్టం. మడి వైపు టార్చి వెయ్యకూడదు. ఫోను లైటు వెయ్యకూడదు. వరండా బల్బుకి అట్టముక్క కడతారు. కారు షెడ్డులో ఉన్న బల్బునైతే ఆ ఏడాది ఏకంగా పీకేసి బియ్యం డబ్బా మీద పెట్టారు, నేను మర్చిపోయి వేస్తానని. ఆ మడిలోవి కుండీల చామంతులు, పసుపువి. కొత్త సంవత్సరానికి పంపిస్తానని ఆవిడ ఎప్పుడూ తీసుకునేవాళ్ళకి మాటిచ్చినవి. మావయ్యగారు పోయాక ఆ మడి పని ఆవిడ ఎవరికీ వదల్లేదు. చిగుళ్ళు తుంచడం దగ్గర్నుంచి ఆవిడే.

నేను ఇంటికొచ్చే వేళకి ఆవిడ లోపల వంటింట్లోనో, టీవీ ముందో ఉండేవారు. నేను గేటు ముందు నీళ్ళ బోదె మీద వేసిన తూము దాటి, గేటులోంచి లోపలికొచ్చి, వాకిట్లో కారు ఆపేదాన్ని. గేటు వేసేదాన్ని. కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కునేదాన్ని. అందరి కాళ్ళకీ ఉన్న మట్టి కారులో పేరుకుపోయేది కదా, చీపురు తెచ్చి తలుపులు నాలుగూ తెరిచి ఊడ్చేదాన్ని. షెడ్డులో బల్బు లేదు. అందుకని వాకిట్లోనే హెడ్‌లైట్లు వేసి ఉంచి, ఆ వెలుతురులో ఊడ్చుకునేదాన్ని. ఆ వెలుతురు ఎటు పోతోందో చూడనేలేదు. నాకు లైటంటే మడి మీద వైరుకి వేలాడేది. కారు లైటు రోడ్డుది. ఆ రెండూ ఒకటేనని నా బుర్రకి తట్టలేదు. నిజానికి మా ఊళ్ళో ఎవరి బుర్రకీ తట్టలేదు, ఆ తర్వాత అందరూ తట్టిందని చెప్పుకున్నారు.

కొన్ని వారాలకి మడి అంతా చిన్నచిన్న పచ్చ గుండీల్లా మొగ్గలేసింది. అత్తయ్యగారు పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెళ్ళి, వేలితో చిగురు విప్పి చూస్తూ వరసల మధ్య తిరిగేవారు. ఒకరోజు గ్లాసు కింద పెట్టేశారు.

"అమ్మాయ్, ఇలా రా."

వెళ్ళాను. గేటు వైపు నుంచి మొదలై లోపలికి పోయేకొద్దీ వెడల్పుగా, చేట పరిచినట్టు ఒక మేర మొక్కలన్నీ ఆకులేసుకుని ఉన్నాయి. ఏపుగా ఉన్నాయి, ముదురాకుపచ్చగా ఉన్నాయి. ఒక్కదానికీ మొగ్గ లేదు. వాటికి అటూ ఇటూ ఉన్న కుండీలు మొగ్గలతో నిండి ఉన్నాయి.

"తెగులంటారా?" అన్నాను.

"తెగులైతే మొక్క ఇలా నవ్వుతుందా?" అన్నారావిడ. "వీటికి ఎక్కడిదో వెలుగు తగులుతోంది."

ఆవిడ అనుమానం ఎదురింటి నర్సరీ మీదకి పోయింది. వాళ్ళ మడి ఇంకా లైట్ల కిందే ఉంది. ఆ ఇంటాయనా, అత్తయ్యగారూ అన్నయ్యా చెల్లెమ్మా అని పిలుచుకుంటారు. రోడ్డుకి ఇటు నుంచి ఈవిడ, అటు నుంచి ఆయన.

"అన్నయ్యా, మీ లైట్లు మా చామంతుల మీద పడుతున్నాయి."

"నా లైటు అంత దూరం వస్తే కరెంటు బిల్లులో సగం మీ ఇంటికి పంపించమని చెప్తాను చెల్లెమ్మా."

"వేళాకోళం కాదు. మొగ్గ ఆగిపోయింది."

మొగ్గ అనగానే ఆయన నవ్వు ఆపేశాడు. ఆ మధ్యాహ్నమే రోడ్డు వైపంతా ఆకుపచ్చ నెట్టు రెండు మడతలు వేసి కట్టించాడు. కట్టినా అత్తయ్యగారికి మనసు నిలవలేదు. వెలుగు ఎక్కణ్ణించి వస్తోందో కళ్ళారా చూస్తానని, ఆ సాయంత్రం అన్నం వార్చేసి, మడి మధ్యలో ఒక ఖాళీ కుండీ బోర్లించుకుని చీకట్లో కూర్చున్నారు. నాకు చెప్పలేదు. నేను అప్పటికే పిన్ని వాళ్ళని ఎక్కించుకుని వెళ్ళిపోయాను.

తిరిగొచ్చి రోజూలాగే తూము ఎక్కి వాకిట్లో ఆపాను. ఎదురుగా చామంతుల మధ్య అత్తయ్యగారు.

ఆవిడ లేచి నుంచున్నారు. వెలుగు ఆవిడ మోకాళ్ళ పైదాకే ఉంది, మొహం చీకట్లో ఉంది. వెనకాల మోటారు షెడ్డు గోడ మీద ఆవిడ నీడ, దానికి పైన మేమిద్దరం కలిసి కుదిర్చిన ముగ్గు గీత. ఎవరి కళ్ళల్లోనూ పడకూడదని అంత జాగ్రత్తగా కిందకి దించిన వెలుగు, చదునుగా, సమంగా, కుండీల తలల మీద పరుచుకుని ఉంది. చేట ఆకారంలో.

"ఆపు" అన్నారావిడ.

నేను ఇంజను ఆపాను.

"బండి కాదే. లైట్లు."

ఆపేశాను. ఆవిడ వరసల మధ్యలోంచి నడిచి వస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది. కారు దగ్గరికొచ్చి కిటికీ మీద చెయ్యి పెట్టారు.

"రోజూ ఇలా వేసి ఉంచుతావా?"

"కారు ఊడ్చుకునేదాకా అండి. షెడ్డులో కనపడదు కదా అని..."

"షెడ్డులో బల్బు పీకింది నేనే కదూ" అన్నారు. అని లోపలికి వెళ్ళిపోయారు.

అన్నం వడ్డించారు. చారు వేడిగా ఉంది, అప్పడాలు వేయించారు. కారు గురించి ఒక్క ముక్క అనలేదు. నా కంచం వైపు చూసి, "తిను" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది. ఆవిడ ఊరుకున్నారంటే లోపల ఏదో తేల్చుకుంటున్నారని. చామంతులా, కారా అన్నదానికి మా ఇంట్లో జవాబు ఏముంటుందో నాకు తెలుసు. ఏ ఇంట్లోనైనా అదే ఉంటుంది.

మర్నాడు పని దగ్గర పిన్నికి చెప్పాను. గోనెపట్టా కుడుతూ వింది. నా మొహం చూసి సూది ఆపింది.

"దానికి ఏడుస్తావేంటి. చామంతులు ముఖ్యం తల్లీ, అవి ఏడాదికోసారి. మాకేం, వెలుతురుండగా వెళ్ళిపోతాం. లేదా నడుస్తాం. ఇన్నేళ్ళూ నడవలేదా?"

ఆవిడ అలా తేలిగ్గా అనేసరికి నాకు ఇంకా కష్టమనిపించింది. వద్దంటే దెబ్బలాడేదాన్ని. సరేనన్నవాళ్ళతో ఏం దెబ్బలాడతాం.

టీ వేళకి పిన్ని గ్లాసు పట్టుకుని అత్తయ్యగారి పక్కకి చేరింది. నేను నీళ్ళ పైపు దగ్గర ఉన్నాను. కొంచెం కొంచెం వినిపిస్తోంది.

"వదినా, ఆ పిల్లనేం అనకు."

"నేనేమన్నాను?"

"ఏం అనట్లేదనే చెప్తున్నా. నువ్వు నాలుగు తిడితే అది కాసిని కూడు తింటుంది."

"నీకు కారు కావాలని చెప్పరాదూ సూటిగా."

"కావాలనే అనుకో. ముందు సీటు అలవాటైపోయింది నాకు. నడిస్తే బరకాలు ఎవరికి చెప్పను?"

అత్తయ్యగారు నవ్వు ఆపుకోవడం నాకు వెనక నుంచే తెలిసింది, భుజాలు కదిలాయి. కానీ కారు సంగతి మాత్రం తేల్చలేదు. గ్లాసు కడిగి బోర్లించి, చామంతుల మడి వైపు వెళ్ళిపోయారు. అక్కడ నుంచి గేటు దాకా, గేటు నుంచి తూము దాకా, తూము నుంచి షెడ్డు దాకా ఒకసారి నడిచారు. మళ్ళీ నడిచారు. ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టు కిందకి చూస్తూ నడిచారు.

ఆ సాయంత్రం లోడింగు ఆలస్యమైంది. వెలుతురుండగా వెళ్ళిపోతామన్నవాళ్ళు ఎవరూ కదల్లేదు. ఆఖరి వరస సర్దాక అందరూ చేతులు కడుక్కుని, కారు వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తూ నుంచున్నారు. నేను తాళాలు తీసుకోవాలా వద్దా అని గుమ్మంలోనే ఉన్నాను. అత్తయ్యగారు మేకుకున్న తాళాలు తీసి నా చేతిలో పెట్టారు.

"వెళ్ళేటప్పుడు రోడ్డెక్కాకే లైట్లు వెయ్యి. వచ్చేటప్పుడు తూము అవతలే ఆపేసెయ్."

"చీకట్లో తూము మీదకి ఎలా ఎక్కించనండీ? కొంచెం తేడా వస్తే బోదెలోకి పోద్ది."

"నేను నుంచుంటాగా."

నేను నమ్మలేదు. మా తూము కారు వెడల్పుకి సరిగ్గా సరిపోతుంది, పక్కన గోడ కూడా లేదు. దారంతా అదే ఆలోచన. పిన్ని, "బరకం" అంటే, "కనపడుతోంది పిన్నీ" అని మొదటిసారి విసుక్కున్నాను. ఆవిడేమీ అనుకోలేదు. దిగేటప్పుడు కిటికీలోంచి తల పెట్టి, "మీ అత్త ఒకప్పుడు లారీలు వెనక్కి పెట్టించేది, తెలుసా" అంది.

తిరిగొచ్చి తూము ముందు ఆపి, లైట్లు తీసేశాను. కాసేపు ఏమీ కనపడలేదు. తర్వాత నెమ్మదిగా ఎదురింటి ఆకుపచ్చ నెట్టు వెనక మసక వెలుగూ, కొబ్బరిచెట్ల తలలూ తెలిశాయి. తూము మాత్రం కనపడలేదు.

"వచ్చావా?" అని గేటు పక్క చీకట్లోంచి అత్తయ్యగారి గొంతు.

"వచ్చానండి. నాకేం కనపడట్లేదు."

"చూడమని ఎవరన్నారు. విను. అద్దం దించు, ఫస్టు గేరులో ఉంచి బ్రేకు మీద కాలు పెట్టుకో."

ఆవిడకి గేర్ల సంగతి తెలుసని కూడా నాకు అప్పుడే తెలిసింది.

"రానీ" అన్నారు. "రానీ... రానీ... కొంచెం ఎడమకి కొట్టు. చాలు. రానీ."

లారీ క్లీనర్లు అనే మాట అది, అదే రాగం. బానెట్ మీద అరచేత్తో ఒకసారి కొడితే రమ్మని, వెంటవెంటనే రెండుసార్లు కొడితే ఆగమని. ఆవిడ కారు ముందుకొచ్చి, వెనక్కి వెనక్కి నడుస్తూ కొడుతున్నారు. ఒకసారి రెండు దెబ్బలు పడ్డాయి. ఆగాను.

"కుడి చక్రం అంచుకి వచ్చింది. స్టీరింగు నిటారు చెయ్యి. కంగారేం లేదు. రానీ."

చక్రాల కింద సిమెంటు పోయి మెత్తటి మట్టి తగిలింది. తూము దాటేశాను. వాకిట్లో ఆగలేదు, నేరుగా షెడ్డులోకే రానిచ్చారు. వెనక్కి తిరిగి చూస్తే చామంతుల మడి నల్లగా, నిశ్శబ్దంగా, ఒక్క వెలుగు చుక్క లేకుండా ఉంది.

"ఊడవడం పొద్దున్న చూసుకో" అన్నారు అత్తయ్యగారు.

ఇద్దరం చీకట్లోనే కాళ్ళు కడుక్కున్నాం.

"ఆ కుండీలు ఏమవుతాయండీ?" అని అడిగాను. అంతవరకూ అడిగే ధైర్యం రాలేదు.

"ఏమవుతాయి, పూస్తాయి. అన్నిటితో పాటు లారీ ఎక్కవు, అంతే. వెనకబడి పూస్తే ఇంటి ముందు పెట్టుకుందాం. ఎవరికో పంపడమే తప్ప మన గుమ్మంలో చామంతి ఎప్పుడు పెట్టాం?" అని తువ్వాలు నా మీదకి విసిరి లోపలికి వెళ్ళారు.

మర్నాడు పొద్దున్న నేను అత్తయ్యగారి కంటే ముందే లేచాను. మా ఇంట్లో గేటు ముందు ముగ్గు ఎప్పుడూ ఆవిడదే, నన్ను ముట్టుకోనివ్వరు, నా గీతలు వంకరట. ఉత్త పిండి అయితే సాయంత్రానికి టైర్లకే పోతుందని, డబ్బాలోని పిండిలో సున్నం కలిపి చిక్కగా చేసుకున్నాను. తూముకి రోడ్డు వైపు అంచున అడ్డంగా ఒక లావుపాటి గీత గీశాను. అక్కడ లైట్లు ఆపాలి. తూముకి రెండు పక్కలా అంచుల వెంబడి రెండు గీతలు గీశాను, చక్రాలు వాటి మధ్యలో ఉండాలి. వంకరగానే వచ్చాయి. కొంచెం సున్నం మిగిలింది. గేటు పక్కన, రాత్రి అత్తయ్యగారు నుంచున్న చోట, ఆవిడ పాదాలు రెండూ పట్టేటంత పద్మం ఒకటి వేశాను.